ఐటీ అండ్ డిజిటల్ మీడియా ఆనర్స్: నాలుగో ఏడు చదవాలా, మూడేళ్ళకే బయటికొచ్చేయాలా?

మిర్చియార్డు_పిల్ల · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్తే అండి. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇదే మొదటి పోస్టు. మాది గుంటూరు, విజయవాడలో ఒక కాలేజీలో ఐటీ అండ్ డిజిటల్ మీడియా ఆనర్స్ చదువుతున్నా, ఇప్పుడు ఐదో సెమ్. రోజూ పొద్దున ఆరున్నరకి నాన్‌స్టాప్ ఎక్కి పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి అక్కణ్ణించి సిటీ బస్సు, సాయంత్రం మళ్ళీ అదే తంతు, ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది.

ఇప్పుడు కాలేజీలో నాలుగో ఏడుకి ఉంటారా, మూడేళ్ళకి డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతారా చెప్పండి అని పేపర్ తిప్పుతున్నారు. 46 మందిమి ఉంటే తొమ్మిది మందే ఉంటామన్నారు. నేనింకా రాయలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర పెళ్ళి వీడియోలు చేసే స్టూడియో వాళ్ళు ఎడిటింగుకి రమ్మంటున్నారు, నెలకి 13 వేలంట. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. అమ్మ చదువుకోమంటుంది, నాన్న అసలేం అనట్లేదు, ఆయన తిట్టినా బాగుండేది, ఏం అనకపోతేనే భయం.

ఇంకో బాధ ఏంటంటే ఈ కోర్సు సగం జావా, డేటాబేసులు, నెట్‌వర్కులు, సగం ఫోటోషాపు, ప్రీమియర్, బ్లెండర్. బీటెక్ వాళ్ళ దగ్గరికెళ్తే మీరు కోడింగ్ వాళ్ళా అని నవ్వుతారు, యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ దగ్గరికెళ్తే మీరు ఆర్టిస్టులా అని నవ్వుతారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయానేమో అనిపిస్తోంది. ఇలాంటి కోర్సు చేసినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక_సత్య · సోమవారం రాత్రి 11:05

ఉద్యోగం వస్తుంటే వదులుకుంటారా ఎవరన్నా. చేరిపో. నాలుగో ఏడులో ఏం నేర్పుతారు, మూడేళ్ళలో నేర్పనిది.

పిక్సెల్_పాప · సోమవారం రాత్రి 11:11

13 వేలా?? రోజూ గుంటూరు నుంచి వచ్చిపోయే ఖర్చు తీస్తే చేతికెంత మిగులుద్ది. పైగా మాఘమాసం, శ్రావణమాసం వస్తే పెళ్ళి స్టూడియోలో రాత్రి పగలు ఉండదు చెల్లీ, మళ్ళీ మూఢం వస్తే పని లేదని జీతం ఆపేస్తారు. నేను రెండేళ్ళు చేశా, పేరు వద్దులే.

కృష్ణలంక_సత్య · సోమవారం రాత్రి 11:20

పిక్సెల్ పాప చెప్పింది కూడా నిజమే. నేనూ అదే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా, కానీ ఆ పనిలో నేర్చుకునేది కాలేజీలో రాదు. కెమెరా 50 ఎంబీపీఎస్ (సెకనుకి 50 మెగాబిట్లు) లో తీస్తే నిమిషానికి 375 ఎంబీ, గంటకి 22 జీబీ పైన. పెళ్ళి ఆరు గంటలు, రెండు కెమెరాలు అనుకో, 270 జీబీ. అది ఎక్కడ దాచాలి, ప్రాక్సీలు, అదే ఎడిటింగుకి వాడే తేలికపాటి నకలు ఫైళ్ళు, ఎలా చేసుకోవాలి, పెళ్ళికూతురు వాళ్ళ బాబాయి ఏడాది తర్వాత వచ్చి మా క్లిప్పు ఏదయ్యా అంటే ఎలా తీసివ్వాలి, ఇవి ఏ సెమిస్టర్లో చెప్తారు?

మిర్చియార్డు_పిల్ల · సోమవారం రాత్రి 11:31

ప్రాక్సీలు చెప్పారన్నా మాకు, మల్టీమీడియా పేపర్లో. కానీ ల్యాబులో సిస్టాలు 4 జీబీ ర్యామ్, ప్రీమియర్ ఓపెన్ అయ్యేలోపు పీరియడ్ అయిపోతుంది. అందరం ఇంటికెళ్ళి డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ వేసుకున్నాం. ప్రాక్టికల్ రికార్డులో మాత్రం ప్రీమియర్ స్క్రీన్‌షాట్లే అంటించాలి, అది వేరే కథ.

పాఠాల_మాస్టారు (మోడరేటర్) · మంగళవారం ఉదయం 6:15

అమ్మాయ్, ముందు లెక్కలు తెలుసుకో, తర్వాత నిర్ణయం. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన కొత్త కరికులం ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ళకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్సుకి 160. మూడో ఏడు అయ్యాక 120తో డిగ్రీ తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది పిల్లలకి తెలియని ముక్క ఇంకోటుంది. నాలుగో ఏడు రెండు రకాలు. ఉత్త ఆనర్స్ ఒకటి, ఆనర్స్ విత్ రీసెర్చ్ ఇంకొకటి. రెండోది కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. అందులో 12 క్రెడిట్లకి ప్రాజెక్టు, డిసర్టేషన్ (దాని మీద రాసే పరిశోధన రిపోర్టు). మామూలు ఆనర్సులో ఆ 12 క్రెడిట్ల బదులు ఇంకో మూడు పేపర్లు చదివించి పంపేస్తారు. అంటే నువ్వు నాలుగో ఏడు ఉండి కూడా ఒక పెద్ద పని సొంతంగా చెయ్యకుండానే బయటికి రావచ్చు. అలా వచ్చేటట్టయితే సత్య చెప్పినట్టు స్టూడియోయే నయం అంటాను నేను.

ఇంకో సంగతి, నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే పీజీ ఏడాదిలో అయిపోతుంది, మూడేళ్ళదయితే రెండేళ్ళు. మొత్తం మీద చూస్తే కాలం వృథా కాదు. నాలుగేళ్ళదాంట్లో 75 శాతం ఉంటే పీహెచ్‌డీకి నేరుగా కూడా అప్లై చేసుకోవచ్చు, అది నీకు అక్కర్లేకపోవచ్చు.

నీ శాతం ఎంత?

మిర్చియార్డు_పిల్ల · మంగళవారం ఉదయం 7:02

బస్సులో ఉన్నా మాస్టారు. నాలుగు సెమ్‌లు కలిపి 73.8.

పాఠాల_మాస్టారు (మోడరేటర్) · మంగళవారం ఉదయం 7:20

అయితే ఐదు, ఆరు సెమిస్టర్లలో సగటున 77.4 తెచ్చుకోవాలి, అన్ని సెమిస్టర్లకీ సమాన బరువు అనుకుంటే. కొండేం కాదు. కాకపోతే జావా ల్యాబుని తేలిగ్గా తీసుకోకు. డిజిలాకర్‌లో నీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచి నాలుగు సెమ్‌ల క్రెడిట్లూ ఎక్కాయో లేదో ఇవాళే చూసుకో. ఎక్కకపోతే ఇప్పుడే ఆఫీసులో అర్జీ పెట్టు, ఫైనల్ ఇయర్లో పరిగెత్తద్దు. నాలుగో ఏడుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎలా అన్నది కూడా అక్కడే కాగితం మీద రాయించుకో, నోటిమాట వద్దు.

45రోజుల్లో_లక్ష · మంగళవారం ఉదయం 9:48

[ఈ పోస్టు తీసేశాం. కోచింగ్ ప్రకటనలు ఇక్కడ వద్దని ఇప్పటికి మూడుసార్లు చెప్పాం. మోడరేటర్]

డీటీపీ_బాబాయ్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

మాది గవర్నర్‌పేట. ముప్ఫై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో డీటీపీ. శుభలేఖలు, కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, ఇప్పుడు ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్ 7 ఇప్పటికీ ఒక పాత సిస్టంలో పెట్టుకున్నా, నవ్వకండి, అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్ళు పట్టుకుని జనం వస్తారు. ఆ ఫైలు వేరే చోట తెరిస్తే పిచ్చి గీతలు తప్ప తెలుగు కనపడదు, ఎందుకంటే అందులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు చొక్కా తొడిగారు అంతే.

మీ కోర్సు పిల్లలు ముగ్గురు పోయినేడు నా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు. ముచ్చటగా ఉంది వాళ్ళ పని, గ్రేడియెంట్లు, షాడోలు, లోగోలు. తెలుగులో ఒక హెడ్డింగ్ వెయ్యరా అంటే "శ్రీ" విడిపోయి శ పక్కన పొల్లు, దాని పక్కన రీ పడింది. ముగ్గురూ నా మొహం చూస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అంకుల్ అన్నారు.

నీకో పరీక్ష అమ్మాయ్. ఫోటోషాపులో తెలుగు వత్తులు విడిపోతే ఏం చేస్తావు? గూగుల్ చూడకుండా చెప్పు.

మిర్చియార్డు_పిల్ల · మంగళవారం సాయంత్రం 6:55

బాబాయ్ గారూ చూడకుండానే చెప్తున్నా. పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్ ఉంటుంది, అది మామూలుగా లాటిన్ మీద ఉంటుంది, దాన్ని సౌత్ ఏషియన్ ఉన్నదానికి మార్చాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, ప్రీమియర్‌లో కూడా అలాంటిదే ఉంటుంది. సెకండ్ సెమ్‌లో ఉగాది పోస్టర్ చేస్తుంటే "శుభాకాంక్షలు"లో క్ష విడిపోయి రెండు రోజులు ఏడ్చా, అందుకే గుర్తుంది 😅

డీటీపీ_బాబాయ్ · మంగళవారం రాత్రి 8:10

భేష్. నువ్వు రేవడివి కాదు పో.

ఫిగ్మా_ఫణి · మంగళవారం రాత్రి 9:37

బాబాయ్ పరీక్ష అదిరింది. నేను హైదరాబాద్‌లో యూఎక్స్ డిజైనర్ని, అంటే యాప్‌లు వాడటానికి తేలిగ్గా ఉండేలా చూసే పని, మాది సత్తెనపల్లి. ఇంటర్వ్యూలు నేనూ తీసుకుంటా కాబట్టి లోపలి మాట చెప్తా చెల్లెమ్మా, ఫ్రెషర్ల పోర్ట్‌ఫోలియోల్లో పదింటిలో ఎనిమిది ఒకేలా ఉంటాయి, ఫుడ్ డెలివరీ యాప్ రీడిజైన్, మ్యూజిక్ యాప్ రీడిజైన్. చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. అందులో ఏ స్క్రీనులోనూ తెలుగు ఉండదు. తెలుగు పెడితే బటన్లోంచి వత్తులు కిందకి వేలాడుతుంటాయి, గుడి పైన కట్ అయిపోతుంది, ఇంగ్లీషుకి పెట్టిన లైన్ హైట్ తెలుగుకి చాలదని చాలామందికి తట్టదు.

నువ్వు కోడింగూ డిజైనూ రెండూ సగం సగం అంటున్నావే, సరిగ్గా ఆ రెండూ కలిసే చోటే తెలుగు ఉంది. ఒక చిన్న ఉదాహరణ, జావాస్క్రిప్ట్‌లో "స్త్రీ" అన్న మాట పొడవు ఎంత అని అడుగు. మనకి ఒక్క అక్షరం. దానికి ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. అక్షరాల్ని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. కోడింగ్ మాత్రమే వచ్చినవాడు అక్కడ పేరుకి పది అక్షరాలు చాలు అని లిమిట్ పెడతాడు, మన లక్ష్మీనరసింహమూర్తి గారి పేరు సగంలో తెగిపోద్ది. డిజైన్ మాత్రమే వచ్చినవాడు అక్షరం అక్షరం కనపడే యానిమేషన్ పెడతాడు, మధ్యలో పొల్లులు గెంతుతూ వస్తాయి. ఇద్దరికీ తప్పెక్కడో తెలీదు.

మిర్చియార్డు_పిల్ల · మంగళవారం రాత్రి 9:58

అయ్యో అన్నా ఆ పొల్లులు గెంతే యానిమేషన్ నేను చేశా 🙈 కాలేజ్ డే ఇంట్రోలో. హెచ్‌ఓడీ మేడం స్టైలుగా ఉందన్నారు.

డబ్లిన్_దివిసీమ · బుధవారం తెల్లవారుజామున 2:14

ఇక్కడ ఇంకా రాత్రే లెండి. నేను అవనిగడ్డ దగ్గర్నుంచి వచ్చి ఐర్లాండ్‌లో డిజిటల్ మీడియాలో మాస్టర్స్ చేస్తున్నా. ఆనర్స్ అన్న మాట మనదేశంలో ఒకలా, ఇక్కడ ఒకలా వాడతారు, అది తెలీక నేను అప్లికేషన్లో తికమకపడ్డా కాబట్టి రాస్తున్నా. ఇక్కడ చదువులకి మెట్లు ఉంటాయి, లెవెల్ 7 అంటే ఆర్డినరీ బ్యాచిలర్, లెవెల్ 8 అంటే ఆనర్స్ బ్యాచిలర్, లెవెల్ 9 మాస్టర్స్. మూడేళ్ళు చదివి లెవెల్ 7 తో ఆగిపోయినవాళ్ళు ఇంకో ఏడు చదివి లెవెల్ 8 చేసుకుంటారు, అచ్చం మీ పరిస్థితే. ఆ ఆఖరి ఏడులో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుదే పెద్దపీట. ఇంగ్లాండ్‌లో అయితే మూడేళ్ళదే ఆనర్స్, స్కాట్లాండ్‌లో నాలుగేళ్ళు.

మార్కులు చూసి మాత్రం బెదరకండి. ఇక్కడ 70 వస్తే ఫస్ట్ క్లాస్, పార్టీ ఇస్తారు. 60 నుంచి 69 దాకా టూ వన్ అంటారు, మంచి కోర్సులు చాలావాటికి అదే అడుగుతారు. మా అమ్మకి ఫోన్ చేసి 72 వచ్చిందంటే అదేంట్రా ఇంటర్లో 95 తెచ్చుకున్నోడివి అంది. చదువయ్యాక ఉండటానికి లెవెల్ 8 వాళ్ళకి ఏడాది, లెవెల్ 9 వాళ్ళకి రెండేళ్ళు ఇస్తారు.

ప్రాజెక్టు గురించి ఒక్క మాట. మా క్లాసులో ఐర్లాండ్ అబ్బాయి ఒకడు వాళ్ళ నాన్న గొర్రెల మందకి వ్యాక్సిన్ లెక్కలు రాసుకునే యాప్ చేశాడు. చూడ్డానికి నాసిగా ఉంది. ఫస్ట్ వచ్చింది. గొర్రెల కొట్టంలో చేతికి గ్లవ్ వేసుకుని బటన్ నొక్కితే పడుతుందా లేదా అని వారం రోజులు నిజంగా వెళ్ళి చూశాడు వాడు.

ఇద్దరు_పిల్లల_తల్లి · బుధవారం ఉదయం 11:20

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా పెద్దవాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, పటమట. రోజంతా వీడియోలు ఎడిట్ చేస్తూ కూర్చుంటాడు, ఈ కోర్సులో చేర్చమంటున్నాడు. వాళ్ళ నాన్నగారు బీటెక్ తప్ప ఒప్పుకోరు. లాప్‌టాప్ ఎంతది కొనాలి?

పిక్సెల్_పాప · బుధవారం ఉదయం 11:41

అక్కా, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, చిన్నదైనా విడిగా గ్రాఫిక్స్ కార్డు. స్క్రీన్ రంగులు బాగుండాలి, షాపులో రెండు పక్కపక్కన పెట్టి ఒకే ఫోటో తెరిచి చూడండి, మీకే తెలిసిపోద్ది. కీబోర్డులో లైట్లు వెలిగేవాటికి డబ్బులు తగలేయకండి.

పాఠాల_మాస్టారు (మోడరేటర్) · బుధవారం ఉదయం 11:55

అమ్మా, డిగ్రీ అడ్మిషన్ ఆన్‌లైన్ మాడ్యూల్‌లో ఆప్షన్లు పెట్టుకోవడమే, తొందరేమీ లేదు. మీ అబ్బాయి ఎంపీసీ కాబట్టి డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి ఎంసీఏ దారి కూడా ఉంటుంది, ఆ మాట వాళ్ళ నాన్నగారికి చెప్పి చూడండి. అయితే ఎడిటింగ్ ఇష్టమని మాత్రమే చేరితే మొదటి ఏడులోనే ఏడుస్తాడు. సి, డేటా స్ట్రక్చర్లు తప్పవు. అది ముందే చెప్పండి వాడికి.

కృష్ణలంక_సత్య · బుధవారం మధ్యాహ్నం 12:30

అసలు అడిగిన పిల్ల ఏమైంది. ప్రాజెక్టు ఏం చేద్దామనుకుంటున్నావ్?

మిర్చియార్డు_పిల్ల · బుధవారం రాత్రి 10:05

ఉన్నానన్నా. మిడ్స్ జరుగుతున్నాయి. ఏఐ చాట్‌బాట్ ఫర్ కాలేజ్ ఎంక్వైరీ అనుకుంటున్నా. లేకపోతే ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్.

డీటీపీ_బాబాయ్ · బుధవారం రాత్రి 10:12

ఆ రెండూ లెనిన్ సెంటర్ దగ్గర బైండింగ్ షాపుల్లో వరసగా పేర్చి ఉంటాయి అమ్మాయ్. అట్ట రంగు, పేరు మార్చి ఇచ్చేస్తారు.

ఫిగ్మా_ఫణి · బుధవారం రాత్రి 10:26

మీ ఇంట్లో రోజూ ఎవరన్నా ఏదన్నా పని కష్టపడి చేస్తుంటే చూశావా, ఫోన్ మీద గానీ కాగితం మీద గానీ? అది చెప్పు, చాట్‌బాట్ తర్వాత.

మిర్చియార్డు_పిల్ల · బుధవారం రాత్రి 11:18

ఇంట్లో అంటే నాన్నే. రోజూ మధ్యాహ్నం యార్డులో వేలం పాటలు అయిపోయాక ఆయనకి ఫోన్లు మొదలవుతాయి. మాచర్ల నుంచి, పిడుగురాళ్ళ నుంచి, కర్నూలు వైపు నుంచి కూడా. తేజ ఎంత పోయింది, 341 ఎంత, బాడిగ ఎంత (ఇవన్నీ మిర్చి రకాలు), తాలు (నాసి కాయ) ఎంత పడింది, ఎన్ని టిక్కీలు (బస్తాలు) దిగాయి. అన్నం తింటూ కూడా అదే చెప్తుంటారు. ఒక చీటీ మీద రాసుకుని ఫోటో తీసి గ్రూపుల్లో పెడతారు, ఆయన చేతిరాత ఆయనకే అర్థం కాదు, మళ్ళీ వాళ్ళు ఫోన్ చేసి బాబూ అది 14 వేలా 19 వేలా అని అడుగుతారు. ఆ ఒకటి పక్క అంకె మీద రైతు లారీ ఎత్తాలా వద్దా అన్నది ఉంటుంది కదా. ఒకసారి ఎవరో తప్పు చదువుకుని సరుకు తెచ్చేశారు, నాన్న రెండు రోజులు భోజనం సరిగ్గా చెయ్యలేదు.

ఇది రాస్తుంటేనే అర్థమవుతోంది అన్నా 🙂

కృష్ణలంక_సత్య · బుధవారం రాత్రి 11:24

రేట్లు గవర్నమెంట్ సైటులో వస్తాయిగా, ఆగ్‌మార్క్‌నెట్‌లో. కొత్తగా నువ్వు చేసేదేంటి?

మిర్చియార్డు_పిల్ల · గురువారం ఉదయం 6:48

చూశా అన్నా రాత్రి. అందులో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు పోయిన ధర) ఉంటాయి, నాన్నని అడిగితే అది లెక్కకి మంచిదే అన్నారు. కానీ ఫోన్ చేసేవాళ్ళు అడిగేది అది కాదంట. మొన్న వానకి తడిసి ఆరబెట్టిన కాయకి ఏమాత్రం వస్తుంది, ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టిన సరుకు అమ్మాలా ఆగాలా, రేపు యార్డుకి సెలవా, ఇవి అడుగుతారంట. అయినా నేను ధరలు కొత్తగా కనిపెట్టను కదా, నాన్న చెప్పేది తప్పు లేకుండా అవతలి వాళ్ళకి చేరితే చాలు.

ఫిగ్మా_ఫణి · గురువారం ఉదయం 9:15

ఇక చాట్‌బాట్ మాటెత్తకు. ఇదే చెయ్. నాకు తోచినవి చెప్తా, వరస లేదు, ఏరుకో.

ఫోటో పంపడం మానేసి అక్షరాలుగా పంపేలా చూడు, పది లైన్ల రేట్లు కొన్ని కేబీలే. ఫ్యాన్సీ తెలుగు ఫాంటు లోడ్ చెయ్యకు, తెలుగు ఫాంటు ఇంగ్లీషుదానికన్నా బరువు, వత్తులూ గుణింతాలూ అన్నీ మొయ్యాలి పాపం. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు ఎలాగూ ఉంటుంది, అంకెలకి అది చాలు. హెడ్డింగుకి కావాలంటే రామభద్ర, మల్లన్న, మండలి ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ రూలు, నువ్వు ఇంకా ఎక్కువ పెట్టు, వాళ్ళు చూసేది ఎండలో. మిర్చి అని ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ వేసేవు, దయచేసి వద్దు. తయారయ్యాక అయిదుగురికి చూపించు, ఎక్కువ అక్కర్లేదు, ఇలాంటి పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, అయిదుగురితో పరీక్షిస్తే 85 శాతం దాకా లోపాలు బయటపడతాయని. నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి, అక్కడ నొక్కండి బాబాయ్ అని చెప్పకూడదు, అది మాత్రం చాలా కష్టం.

డబ్లిన్_దివిసీమ · గురువారం మధ్యాహ్నం 3:40

పరీక్ష అయ్యాక వాడటానికి ఎంత తేలికో కొలిచే సిస్టం యూజబిలిటీ స్కేల్ అని పది ప్రశ్నలుంటాయి, 1986లో జాన్ బ్రూక్ తయారుచేసింది, అది కూడా పెట్టించు, డిసర్టేషన్లో ఎగ్జామినర్లకి అంకె ఉంటే మనశ్శాంతి. కాకపోతే ఆ ప్రశ్నల్ని నువ్వు గుంటూరు తెలుగులో తిరగరాయాలి. "ఈ వ్యవస్థ అనవసరంగా సంక్లిష్టంగా ఉంది" అని ఉన్నదున్నట్టు అడిగితే రైతు నిన్ను ఎగాదిగా చూస్తాడు.

పిక్సెల్_పాప · గురువారం సాయంత్రం 5:02

చదవడం రానివాళ్ళ కోసం నాన్న గొంతుతో వాయిస్ కూడా పెట్టు. రికార్డింగ్ యార్డులో మాత్రం చెయ్యకు 😂 మేమొకసారి డాక్యుమెంటరీకి వెళ్ళాం, రెండు గంటల ఆడియోలో గంటన్నర దగ్గులూ తుమ్ములే. కెమెరామన్ కళ్ళు తుడుచుకోవడంలోనే ఉన్నాడు. ఇంకోటి, వీడియో తీస్తే షట్టర్ సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టుకో, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, 60 పెడితే ట్యూబ్‌లైట్ల కింద గీతలు పారతాయి. యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళలో అమెరికా వాళ్ళు ఎక్కువ, వాళ్ళది 60.

పాఠాల_మాస్టారు (మోడరేటర్) · గురువారం రాత్రి 8:30

బాగుంది. అమ్మాయ్, ఫోన్ చేసిన రైతుల పేర్లు, నెంబర్లు రిపోర్టులో ఎక్కడా రాకుండా చూసుకో, వాళ్ళ అనుమతి లేకుండా వాయిస్ రికార్డ్ చెయ్యకు. యార్డు కమిటీ ఆఫీసులో కూడా ఒక మాట చెప్పి సంతకం తీసుకో. ఇంకా, వేసవిలో మే నెలలో యార్డుకి సెలవులిస్తారు కదా, నీ పరీక్ష ఆలోపే అయిపోయేలా ప్లాన్ వేసుకో. తాళం వేసిన యార్డు ముందు నిలబడి యూజర్ టెస్టింగ్ అంటే కుదరదు.

కృష్ణలంక_సత్య · గురువారం రాత్రి 8:44

నేను మాట మార్చట్లేదు, 13 వేలు 13 వేలే. కానీ ఇదయితే ఉండు. శని ఆదివారాలు ఖాళీ ఉంటే నా దగ్గర ఆల్బమ్ పని ఉంది, ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు, షీటుకి ఇంత అని ఇస్తా. బస్సు ఖర్చు వస్తుంది.

డీటీపీ_బాబాయ్ · గురువారం రాత్రి 9:20

సత్యా మంచోడివే. అమ్మాయ్, యార్డు గేటు దగ్గర ఫ్లెక్సీ వేయిస్తానంటే ప్రింటు నా ఖర్చు. పది అడుగులు ఆరు అడుగులు, 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) చాలు, 8640 ఇంటూ 5184 పిక్సెళ్ళు. సీఎంవైకేలో, అంటే ప్రింటు రంగుల పద్ధతిలో పంపు, స్క్రీను మీద మెరిసే ఆకుపచ్చ ప్రింటులో చచ్చిపోయి వస్తే నన్ననకు.

మిర్చియార్డు_పిల్ల · నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:50

అందరికీ లేటుగా రిప్లై, సారీ. నాలుగో ఏడుకి పేరు రాసేశా. ఐదో సెమ్ పరీక్షలు అయ్యాయి, జావా ల్యాబు బాగానే చేశా మాస్టారు, 77 వస్తుందో లేదో చూడాలి. క్రెడిట్లు చూస్తే మూడో సెమ్‌వి ఎక్కలేదు, అర్జీ పెడితే వారంలో ఎక్కించారు, మీరు చెప్పకపోతే తెలిసేదే కాదు.

రేట్ల పేజీ ఒక మాదిరిగా తయారైంది, లోపల తేజ, 341, బాడిగ, తాలు మాత్రమే పెట్టా. మొదటి యూజర్ నాన్నే. ఫణి అన్న చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చున్నా, ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్ళజోడు కోసం లేచారు. అక్కడే ఒక లోపం దొరికింది. అక్షరాలు పెద్దవి చేసి మళ్ళీ ఇచ్చా. ఈసారి కళ్ళజోడు లేకుండా చదివారు, చదివి తాలు రేటు మంచికాయల వరసలో ఎందుకు పెట్టావు, రైతు కంగారుపడి ధర పడిపోయిందనుకుంటాడు, దాన్ని కింద విడిగా పెట్టు అన్నారు. మూడేళ్ళలో నా చదువు గురించి నాన్న నాతో మాట్లాడిన మొదటి మాట అదేనేమో. తర్వాత ఆయనే ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళి ఎవరికో చదివి వినిపించారు.

వాయిస్ ఇంట్లోనే రికార్డు చేశాం పిక్సెల్ అక్కా, ఫ్యాన్ ఆపేసి. పది సెకన్లకోసారి నాన్న ఇక వెయ్యనా అని అడుగుతున్నారు, అది కూడా రికార్డయింది.

డీటీపీ_బాబాయ్ · ఆదివారం రాత్రి 10:03

ఆ "ఇక వెయ్యనా" కట్ చెయ్యకుండా ఉంచు. ఇంతకీ హెడ్డింగుకి ఏ ఫాంటు వాడావు?

మిర్చియార్డు_పిల్ల · ఆదివారం రాత్రి 10:06

రామభద్ర బాబాయ్ గారూ. ఫైలు పంపుతున్నా, సీఎంవైకేలోనే.